పాత రేడియో మైకుల సేకరణ: చూసి కొనడం, పాడుచేయకుండా పరీక్షించడం, పదిలంగా దాచడం

పాత మైకు చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని దాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్‌మని ఊదడం. అది రిబ్బన్ మైకయితే లోపలి రేకు అక్కడికక్కడే సాగిపోతుంది, లేదా తెగిపోతుంది. డెబ్బై ఎనభై ఏళ్లు గోదాముల్లో, అటకల మీద క్షేమంగా ఉన్న వస్తువు కొత్త యజమాని ఇంటికొచ్చిన తొలి గంటలోనే పాడవడం ఈ సేకరణలో తరచూ జరిగేదే. ఊదడం, ఫాంటమ్ పవర్ (కేబుల్ గుండానే మైకుకు పంపే విద్యుత్తు) ఆన్ చేయడం, మల్టీమీటరు పెట్టడం, మరలు విప్పడం: నష్టమంతా ఈ నాలుగు పనుల దగ్గరే. కాబట్టి పాటించాల్సిన వరుస ఇది. ముందు రకం తెలుసుకోవాలి, తర్వాత వైరు కలపాలి, విప్పడం గురించి ఆలోచించేది అన్నిటికంటే చివర.

1. ఏం సేకరించాలో తేల్చుకోండి

పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ కేంద్రం 1920 నవంబరు 2న అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫలితాలను ప్రసారం చేసింది. అక్కడి నుంచి 1950ల చివరిదాకా సాగిన కాలాన్నే సేకర్తలు స్థూలంగా ప్రసారాల స్వర్ణయుగం అంటారు. ఈ కాలంలో కార్బన్, కండెన్సర్, డైనమిక్, రిబ్బన్, క్రిస్టల్ అని ఐదు రకాల మైకులు నడిచాయి. అన్నిటినీ ఒకేసారి మొదలుపెడితే ఏ ఒక్కదాని గుట్టూ చేతికి చిక్కదు.

మొదటి రెండు మూడు మైకులూ డైనమిక్‌వే తీసుకోండి. పడినా కొట్టుకున్నా ఓర్చుకుంటాయి, బ్యాటరీ అడగవు, నేటి ప్రీఆంప్‌తో (మైకు సంకేతాన్ని పెంచే పరికరంతో) నేరుగా పనిచేస్తాయి. ష్యూర్ 55 యూనిడైన్ మంచి ఆరంభం. బెన్ బావర్ రూపకల్పనలో 1939లో వచ్చిన ఈ మైకు ఒకే కాయిల్‌తో ముందువైపు ధ్వనిని పట్టుకుని వెనకవైపుది తగ్గించగలిగింది. దాని చిన్న రూపం 55ఎస్ 1951లో వచ్చింది. పెద్ద జాలీది దొరికితే సరే, దొరకకపోతే 55ఎస్‌తో మొదలుపెట్టినా నేర్చుకునేది అంతే. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ 633ఏ కూడా ఇలాగే గట్టి పిండం. ఉప్పుడబ్బీ ఆకారం వల్ల దాన్ని అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు.

రిబ్బన్ మైకులు రెండో మెట్టు. వాల్వ్ (పాత రేడియోల్లోని గొట్టం) ఉన్న కండెన్సర్లు చిట్టచివర, అదీ విద్యుత్ సరఫరా పెట్టెల గురించి బాగా తెలిసిన మనిషి తోడు ఉంటేనే.

2. ఏ రకం ఎలా పాడవుతుంది

ఒక్కో రకానికి ఒక్కో జబ్బు. ఇది తెలియకుండా బేరానికి దిగితే అమ్మేవారు చెప్పిందే నమ్మాల్సి వస్తుంది.

కార్బన్ మైకులో పలుచని లోహపు పొర వెనక కార్బన్ గుళికలుంటాయి. పొర నొక్కినప్పుడల్లా గుళికలు దగ్గరై వాటి గుండా పారే కరెంటు మారుతుంది. కాబట్టి బయటి నుంచి బ్యాటరీ ఇవ్వనిదే ఇది పలకదు. ప్రసారాలకు వాడినవి పొరకు రెండు పక్కలా గుళికల గిన్నెలున్న డబుల్ బటన్ రకం, గుండ్రటి చట్రంలో స్ప్రింగుల మధ్య వేలాడుతుంటాయి. తేమకు గుళికలు గడ్డకడతాయి. ఎక్కువ కరెంటు ఇస్తే మధ్యలో నిప్పురవ్వలు లేచి అతుక్కుపోతాయి. సన్నటి సుయ్ శబ్దం మాత్రం దీని స్వభావం, దాన్ని లోపం అనుకోకండి.

కండెన్సర్ అంటే పలుచని పొరకూ దాని వెనక పలకకూ మధ్య దూరం మారడాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే మైకు. దాన్ని వెస్ట్రన్ ఎలక్ట్రిక్‌లో ఈ.సీ. వెంటే 1916లో రూపొందించారు. జర్మనీలో గేయోర్గ్ నాయ్‌మన్ 1928లో సీఎంవీ 3ను, 1949లో యూ 47ను తెచ్చారు. లోపల వాల్వ్, బయట సరఫరా పెట్టె, రెంటి మధ్య ప్రత్యేకమైన కేబుల్. ఈ మూడింటిలో ఏది లేకపోయినా మిగతావి మూగవే.

డైనమిక్‌లో పొరకు అంటించిన రాగి కాయిల్ అయస్కాంతపు సందులో కదులుతుంది. దీనికి ప్రధాన శత్రువు ఇనుపరజను. సందులోకి ఒక్క రేణువు దూరినా ధ్వని గరగరమంటుంది. రెండో సమస్య కాయిల్ చివర తీగ తెగడం.

రిబ్బన్ మైకులో బలమైన అయస్కాంతపు ధ్రువాల మధ్య ముడతలు పెట్టిన అల్యూమినియం రేకు వేలాడుతుంది. అమెరికా సంస్థ ఆర్‌సీఏలో హ్యారీ ఓల్సన్ 1930ల మొదట్లో దీన్ని ప్రసారాలకు పనికొచ్చేలా తీర్చారు. 44 శ్రేణి అలా పుట్టింది, 44బీఎక్స్ 1938లో వచ్చింది, 77డీఎక్స్ 1954లో వచ్చింది. ఆ రేకు మందం రెండు మైక్రాన్ల దగ్గర, అంటే తలవెంట్రుకలో ముప్పయ్యో వంతు. గాలి తోస్తే సాగుతుంది, సాగితే ధ్రువాలకు తగులుతుంది, తగిలితే ధ్వని సన్నబడి చిటచిటలాడుతుంది.

క్రిస్టల్ మైకుల్లో రోషెల్ లవణపు పలక ఉంటుంది. అస్టాటిక్ డీ-104 లాంటివి ఈ కోవే. ఈ లవణం దాదాపు 55 డిగ్రీల సెల్సియస్ దగ్గర చెడిపోతుంది, అధిక తేమలో కరుగుతుంది, మరీ పొడిగాలిలో తనలోని నీటిని వదిలి పొడిపొడి అవుతుంది. ఒకసారి పోతే బాగుచేసే దారి లేదు, పలకనే మార్చాలి.

3. కొనే ముందు అడగాల్సినవి

చేతిలోకి తీసుకుని చూసే వీలుంటే సరే. లేకపోతే ఫొటోలు ఇలా అడగండి: నామఫలకం దగ్గరగా, అడుగు భాగంలో మరలు కోసిన రంధ్రం, కనెక్టర్ పిన్నులు కనబడేలా, వెనకవైపు, జాలీ లోపలికి టార్చి వేసి తీసినది ఒకటి. ఐదోది చాలామంది అడగరు. జాలీ వెనక పట్టుబట్ట చిరిగిందా, నురుగు పొర మైనంలా కరిగిందా, లోపల అసలు మైకు ఉందా లేక ఖాళీ డొల్లా అన్నది అందులోనే తెలుస్తుంది.

ముఖ్యంగా స్ప్రింగుల చట్రం మైకుల్లో చట్రం ఒకటి, నడుమ గుండు ఇంకొకటి, స్ప్రింగులు కొత్తవి కావడం మామూలే. అలంకారానికి చేసిన నకళ్లూ ఉన్నాయి. బరువు ఇక్కడ మంచి సాక్షి. 44బీఎక్స్ దాదాపు నాలుగు కిలోలు తూగుతుంది, అందులో ఎక్కువ భాగం అయస్కాంతానిదే. తేలిగ్గా ఉందంటే లోపలిది మాయమైనట్టు.

జాలీ ఆకారం ఒక్కటే చూసి వయసు కట్టకండి. ష్యూర్ 55ఎస్‌హెచ్ సిరీస్ 2 నేటి తయారీ. వెస్ డూలీ సంస్థ ఏఈఏ ఆర్44 పేరిట ఆర్‌సీఏ 44 తరహాను తిరిగి తయారుచేసింది. బీబీసీ రూపకల్పన చేయగా ఎస్‌టీసీ సంస్థ తయారుచేసిన 4038 రిబ్బన్ మైకు కోల్స్ పేరుతో ఇప్పటికీ వస్తోంది. ఇవన్నీ నిజాయితీ గల మంచి మైకులే, మోసమల్లా వీటిని 1940ల నాటివని అమ్మడంలో ఉంది. కనెక్టర్, నామఫలకం మీది అక్షరాల అచ్చు, ముద్రించిన ఊరి పేరు, లోపలి టంకం, ఈ నాలుగూ ఒకే కాలానికి చెందాలి.

అమెరికా ప్రసార సంస్థలు ఎన్‌బీసీ, సీబీఎస్ పేర్లున్న లోహపు పలకలను మైకు మీద తగిలించేవారు. 1933 మార్చి 12న మొదలైన అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రేడియో ప్రసంగాల ఫొటోల్లో ఇవి బాగా కనబడతాయి. ఆ ఫొటోల పుణ్యమా అని పలకలకు కొత్త నకళ్లు లెక్కలేనన్ని. పలక కోసం మైకుకు ఎక్కువ చెల్లించకండి. పలక లేని మైకుగానే విలువ కట్టి, అది అసలుదని తేలితే అదృష్టం అనుకోండి.

ష్యూర్ 55 తొలి రకాల్లో ఏ, బీ, సీ అనే అక్షరాలు ఇంపిడెన్స్‌ను (మారే విద్యుత్తుకు మైకు చూపే నిరోధాన్ని) చెబుతాయి: ఏ తక్కువ, బీ మధ్యస్థం, సీ ఎక్కువ. సీ కొంటే పొడుగాటి కేబుల్ పనికిరాదు, పైస్థాయి స్వరాలు మందగిస్తాయి. ఐదు మీటర్ల లోపే ఉంచాలి.

వెస్ట్రన్ ఎలక్ట్రిక్ 633ఏకి 8బీ అనే గుండ్రటి పలక విడిగా వచ్చేది, అధిక స్వరాలను ముందువైపుకు తిప్పుకోవడానికి. అది పోయిన మైకులే ఎక్కువ. ఉంటే విలువ పెరుగుతుంది, లేకపోయినా మైకు పనిచేస్తుంది.

రవాణా విషయం బేరంలోనే తేల్చుకోండి. రిబ్బన్ మైకును ముందు గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టి, రేకు నిలువుగా ఉండేలా నిలబెట్టి, పెట్టె మీద పైకి బాణం గుర్తులు వేసి పంపమనాలి. పెట్టెలో చుట్టూ కనీసం ఐదారు సెంటీమీటర్ల మెత్త ఉండాలి. స్టాండుకు బిగించి పంపితే దెబ్బ తగిలినప్పుడు మెడ విరుగుతుంది, విడదీసి పంపమనండి.

4. ఇంటికొచ్చిన రోజు

పెట్టె తెరిచే బల్లను ముందు తడిగుడ్డతో తుడవండి. ఇనుము కోసిన, అరగదీసిన బల్ల అయితే వద్దే వద్దు. 44 లాంటి దాని అయస్కాంతం చుట్టుపక్కల రజనును అంతటినీ లాగేసుకుంటుంది, జాలీ గుండా లోపలికి వెళ్లింది మళ్లీ బయటికి రావడం కష్టం.

మైకును నిలువుగా ఉంచి, వెంటనే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. వచ్చినప్పటి స్థితికి అదే రుజువు. చల్లటి చోటు నుంచి వచ్చిందయితే సంచి విప్పకుండా కొన్ని గంటలు గది ఉష్ణోగ్రతకు రానివ్వండి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది.

అది ఏ రకమో తేలేదాకా మల్టీమీటరు తీయకండి. కారణం లెక్కలోనే ఉంది. రిబ్బన్ రేకు నిరోధం పావు ఓము, మైకు అవుట్‌పుట్ 250 ఓములు అనుకుందాం. నిష్పత్తి వెయ్యి రెట్లు, దాని వర్గమూలం దాదాపు 32. అంటే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ల నిష్పత్తి ఒకటికి 32. మీటరు ఒక మిల్లీ ఆంపియర్ పంపినా, తగిలించిన క్షణంలోనూ తీసిన క్షణంలోనూ రేకులో 30 మిల్లీ ఆంపియర్లకు దగ్గరైన తన్ను పడుతుంది. అంత బలమైన అయస్కాంతం మధ్య ఆ రేకు ఎగిరి ధ్రువానికి తగులుతుంది. దానికి తోడు ట్రాన్స్‌ఫార్మర్ గుండె (నడిమి లోహపు దిమ్మ) కూడా అయస్కాంతీకరణ చెందుతుంది. మల్టీమీటరు డైనమిక్‌కు మాత్రమే.

ఫాంటమ్ పవర్ కథా ఇలాంటిదే. 48 వోల్టుల పద్ధతిని నాయ్‌మన్ సంస్థ 1966లో నార్వే రేడియో కోసం తెచ్చింది. మన మైకులన్నీ అంతకు ముందువి, వాటిని చేసినవారి ఊహలో కూడా ఇది లేదు. అన్నీ సవ్యంగా ఉంటే రెండు సంకేత తీగల్లోనూ సమాన వోల్టేజీ ఉంటుంది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ గుండా ఏమీ పారదు. కానీ పాత కేబుల్‌లో ఒక తీగ కవచానికి (చుట్టూ ఉండే లోహపు అల్లికకు) తగిలినా, ట్రాన్స్‌ఫార్మర్ మధ్య కొస భూమికి (ఎర్త్‌కు) కలిపి ఉన్నా, జాక్ గుచ్చేటప్పుడు ఒక పిన్ను ముందు తగిలినా కరెంటు ఒక్కసారిగా పరుగెత్తుతుంది. ప్రీఆంప్‌లో ఫాంటమ్ ఆపి, నిల్వ ఉన్న కరెంటు దిగేందుకు ఒక నిమిషం ఆగి, అప్పుడు మైకు గుచ్చండి. మైకు తీశాకే మళ్లీ ఆన్ చేయండి.

5. కనెక్టర్: కోయకండి

పాత కనెక్టర్ తీసేసి ఎక్స్‌ఎల్‌ఆర్ (నేటి మైకుల మూడు పిన్నుల కనెక్టర్) పెట్టడం సేకరణ విలువను ఇట్టే పడేస్తుంది. దానికి బదులు పాత కనెక్టర్‌కు జతయ్యే రెండో భాగం సంపాదించి, దాన్నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ వరకు ఒక మార్పిడి కేబుల్ చేసుకోండి.

అమెరికా మైకుల్లో తరచూ కనబడేవి ఆంఫినాల్ మరచుట్టు రకాలు, పెద్ద పరిమాణపు కానన్ పీ రకం. ఒకే పిన్నున్న ఆంఫినాల్ అయితే నడిమి పిన్ను సంకేతం, చుట్టూ ఉన్న గుల్ల భూమి. ఇది అన్‌బాలెన్స్‌డ్ (సంకేతానికి ఒకే తీగ ఉన్నది), చాలావరకు అధిక ఇంపిడెన్స్. మూడు, నాలుగు పిన్నులవాటిలో అమరిక తయారీదారును బట్టి మారుతుంది కాబట్టి ఆ మోడల్ చార్టు చూడకుండా టంకం పెట్టకండి. ఎక్స్‌ఎల్‌ఆర్ వైపు మాత్రం లెక్క ఒకటే: ఒకటో పిన్ను కవచం, రెండు, మూడు సంకేతం.

కొన్ని 44 మైకులకు కనెక్టరే ఉండదు, కేబుల్ నేరుగా అడుగు నుంచి దిగుతుంది. ఆ రబ్బరు తొడుగు గట్టిపడి పగిలితే లోపలి తీగలు ఒకదానికొకటి తగులుతాయి. మెల్లగా వంచి చూసి చిటపట వినిపిస్తే, మైకును అనుమానించే ముందు కేబుల్ మార్చండి. పాత కేబుల్‌ను చుట్టి, చీటీ కట్టి దాచండి.

స్టాండు మరలూ చూసుకోవాలి. అమెరికా స్టాండుల్లో ఎక్కువ భాగం అంగుళంలో ఐదెనిమిదో వంతు వ్యాసం, అంగుళానికి 27 చుట్లు. ఆర్‌సీఏ 44, 77 శ్రేణికి అర అంగుళం పైపు మర. యూరప్‌వాటికి మూడెనిమిదో వంతు మరలు కనిపిస్తాయి. బలవంతంగా తిప్పితే అడుగు భాగం మెత్తటి లోహంలో మర చెరిగిపోతుంది. సరైన మార్పిడి బుష్ ముందు సంపాదించాలి.

6. పరీక్ష

ఇక్కడ తొందర కూడదు. ఒక్కో రకానికి ఒక్కో పరీక్ష.

డైనమిక్: కనెక్టర్ దగ్గర నిరోధం కొలవండి. తక్కువ ఇంపిడెన్స్ మైకు పదుల నుంచి కొన్ని వందల ఓములు చూపుతుంది, అధిక ఇంపిడెన్స్‌ది వందల నుంచి వేలు. మీటరు తగిలించగానే మైకులో చిన్న టిక్ వినిపిస్తే కాయిల్ కదులుతున్నట్టు. అనంతం చూపితే ఎక్కడో తెగింది, సున్నా చూపితే కనెక్టర్‌లోనో కేబుల్‌లోనో తీగలు కలిసిపోయాయి. తర్వాత ప్రీఆంప్‌కు కలిపి పలికించండి. యూనిడైన్ రకమయితే ముందు ఒకసారి, వెనకకు తిప్పి ఒకసారి ఒకే గొంతుతో మాట్లాడి చూడాలి. వెనక ధ్వని బాగా తగ్గాలి. తగ్గకపోతే వెనక రంధ్రాల మీది బట్ట దుమ్ముతో మూసుకుపోయింది, లేదా ఎవరో బట్ట తీసేశారు.

రిబ్బన్: 60 నుంచి 70 డెసిబెల్స్ గెయిన్ (సంకేతం పెంపు) ఇచ్చే నిశ్శబ్దమైన ప్రీఆంప్ కావాలి. ముప్పై సెంటీమీటర్ల దూరంలో మామూలు గొంతుతో మాట్లాడండి. 44 లాంటి రెండువైపుల మైకులో ముందు, వెనక సమానంగా వినిపించాలి, పక్కనుంచి దాదాపు వినిపించకూడదు. ఈ పక్కల నిశ్శబ్దమే రేకు ఆరోగ్యానికి మేలైన గీటురాయి. పక్కన కూడా గట్టిగా వినిపిస్తే, లేదా ముందు వెనకల మధ్య తేడా స్పష్టంగా ఉంటే, రేకు జారింది, లేదా ఒకవైపు బట్ట దుమ్ము పట్టింది. ధ్వని చాలా తక్కువగా, డబ్బా లోంచి వస్తున్నట్టు ఉంటే రేకు ధ్రువాన్ని ఆనుకుంది. సుయ్ శబ్దం తప్ప ఏమీ లేకపోతే రేకు తెగింది లేదా ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. గుయ్‌మనే హమ్ మాత్రమే వస్తే ముందు కవచం భూమి కనెక్షన్ చూడండి. దగ్గరకు వెళ్లేకొద్దీ గొంతు బరువుగా, బేస్‌తో నిండిపోవడం రిబ్బన్ మైకు స్వభావం.

77డీఎక్స్ ఎదురైతే వెనక పలక మీది మర చూడండి. యూ, ఎన్, బీ అని మూడు గుర్తులుంటాయి: ఒకవైపు, అన్నివైపులా, రెండువైపులా. స్క్రూడ్రైవర్‌తో సున్నితంగా తిప్పితే లోపలి రెక్క కదిలి ధ్వని దిశ మారాలి. మారకపోతే రెక్క ఇరుక్కుంది, బలం పెట్టకండి. అడుగున ఎం, వీ1, వీ2 అని ఇంకో స్విచ్ ఉంటుంది. ఎం సంగీతానికి, వీలు మాటకు, బేస్ తగ్గిస్తాయి. బేస్ లేదని ఫిర్యాదు చేసే ముందు ఈ స్విచ్ ఎక్కడుందో చూడండి. వీ2లో ఉండిపోయిన మైకులు పాడైనవనిపించి తక్కువకు అమ్ముడైపోతాయి, తెలిసినవారికి లాభం.

వెస్ట్రన్ ఎలక్ట్రిక్ 639ఏ, తర్వాత ఆల్టెక్ పేరుతోనూ వచ్చినది, లోపల రిబ్బన్‌నూ డైనమిక్‌నూ రెంటినీ పెట్టుకున్న మైకు. స్విచ్‌లో ఆర్, డీ, సీ ఉంటాయి. ఆర్ మీద రిబ్బన్ ఒక్కటే, డీ మీద డైనమిక్ ఒక్కటే, సీ మీద రెండూ కలిసి ఒకవైపు మాత్రమే వినేలా పనిచేస్తాయి. కాబట్టి దేన్నీ విప్పకుండానే రెండు అవయవాలనూ విడివిడిగా పరీక్షించవచ్చు. డీ బాగుండి ఆర్ మూగగా ఉంటే రేకు పోయిందని తేలినట్టే. ఇదే మైకు 639బీలో మరో మూడు స్థానాలు ఎక్కువ.

క్రిస్టల్: మామూలు మైకు ప్రీఆంప్‌కు కలిపితే బేస్ లేకుండా కీచుగా పలుకుతుంది, దాన్ని చూసి పాడైందనకండి. కనీసం ఒక మెగోము (పది లక్షల ఓములు), కుదిరితే ఐదు మెగోముల ఇన్‌పుట్ కావాలి. గిటార్ ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ ఒక మెగోము దగ్గర ఉంటుంది కాబట్టి తాత్కాలిక పరీక్షకు చాలు. అక్కడ కూడా లీలగా మాత్రమే పలికితే పలక పోయింది.

కార్బన్: మూడు వోల్టుల బ్యాటరీ, ఒక కిలో ఓము పొటెన్షియోమీటరు, ఒక మిల్లీ ఆమ్మీటరు వరుసలో కలపండి. పొటెన్షియోమీటరు పూర్తి నిరోధంలో ఉంచి ఆన్ చేస్తే, బటన్ నిరోధం వంద ఓములయితే, మూడు మిల్లీ ఆంపియర్లకు కాస్త తక్కువగా వస్తుంది. మెల్లగా తగ్గిస్తూ పది మిల్లీ ఆంపియర్ల దాకా తేండి, పరీక్షకు అంతకంటే అక్కర్లేదు. మాట్లాడితే ముల్లు వణకాలి. డబుల్ బటన్‌ది అయితే రెండు వైపులా విడివిడిగా కొలవండి, రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. ఒకటి చాలా ఎక్కువ చూపితే ఆ వైపు గుళికలు గడ్డకట్టాయి. అప్పుడు కరెంటు పూర్తిగా ఆపి, మైకును చేతిలో తిప్పుతూ వేలితో మెత్తగా తట్టండి. కరెంటు ఉండగా తట్టినా, జరిపినా గుళికల మధ్య రవ్వలు లేచి అవి అతుక్కుంటాయి. కాబట్టి కార్బన్ మైకును ఒకచోట నుంచి ఇంకోచోటికి మార్చే ముందు ప్రతిసారీ బ్యాటరీ ఆపాలి.

వాల్వ్ కండెన్సర్: సరఫరా పెట్టెలో 100 వోల్టులకు పైన ఉంటుంది, కెపాసిటర్లు ఆపేశాక కూడా నిల్వ ఉంచుకుంటాయి. దశాబ్దాలుగా ఆగిపోయిన పెట్టెను నేరుగా గోడ సాకెట్‌లో పెడితే కెపాసిటర్ పేలి మైకును కూడా తీసుకుపోతుంది. ముందు మైకు కలపకుండా పెట్టె ఒక్కదాన్నే నిపుణుడి చేత కొలిపించండి. యూ 47 కొంటుంటే రెండు ప్రశ్నలు వేయండి: లోపల అసలు వీఎఫ్14 వాల్వ్ ఉందా లేక తర్వాత వచ్చిన న్యూవిస్టర్ (చిన్న లోహపు వాల్వ్) మార్పిడి ఉందా, క్యాప్సూల్ (ధ్వనిని పట్టే భాగం) పీవీసీ పొర ఉన్న ఎం7నా లేక కే47నా. పీవీసీ వయసుతో ఎండి బిగుసుకుంటుంది. వీఎఫ్14 తయారీ ఏనాడో ఆగింది. మైకు ధరలో పెద్ద వాటా ఈ రెండు వస్తువులదే.

7. శుభ్రం, అదీ బయట వరకే

దుమ్ము అంటే అందరికీ మొదట గుర్తొచ్చేది గాలి కొట్టే డబ్బా. రిబ్బన్‌కు అది ప్రాణాంతకం, డైనమిక్‌కు కూడా మేలేమీ చేయదు. వాక్యూమ్ క్లీనర్ కూడా వద్దు. మెత్తటి కుంచెతో పైనుంచి కిందకు, జాలీ లోపలికి తోయకుండా బయటికి లాగుతూ తుడవండి. మెటల్ మీద కొద్దిగా సబ్బునీటిలో తడిపి బాగా పిండిన బట్ట, అది కూడా రంధ్రాలకు దూరంగా. కనెక్టర్ పిన్నులకు దూది పుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్.

స్టీల్ ఊలు మైకున్న గదిలోకే రాకూడదు. దాని సన్నటి తీగముక్కలు గాల్లో తేలుతూ అయస్కాంతానికి చేరి సందులో దిగబడతాయి. క్రోమ్ మీది తుప్పు మచ్చలకు, జాలీని మైకు నుంచి విడదీసి దూరంగా తీసుకెళ్లాక, నీట తడిపిన అల్యూమినియం ఫాయిల్ ముక్కతో తేలిగ్గా రుద్దితే చాలు. నల్లటి ముడతల పెయింటుకు ఏ ద్రావకమూ వద్దు. ఆర్‌సీఏ 77డీఎక్స్ మెరిసే క్రోమ్‌లోనూ, టీవీ దీపాల వెలుగు తిరిగి కొట్టకుండా ఉండేందుకు గోధుమ ఛాయ బూడిద రంగులోనూ వచ్చింది. బూడిద రంగుది చూసి పాడైందనుకుని గీకి మెరిపించినవారి చేతిలో విలువైన పూత పోయింది.

జింకు మిశ్రమంతో పోత పోసిన భాగాల మీద బుడిపెలు, జాలీలాంటి పగుళ్లు కనిపిస్తే లోపలినుంచే లోహం చెడుతోంది. దాన్ని సానబెట్టినా ఆగదు. బిగించిన మరలను తిప్పకుండా ఉన్నదున్నట్టు ఉంచడమే మేలు.

8. విప్పక తప్పనప్పుడు

డైనమిక్ సందులో రజను చేరిందని ధ్వని చెబితే, లేదా పాడైన నురుగు తీయాల్సి వస్తేనే విప్పండి. అయస్కాంతీకరణ లేని స్క్రూడ్రైవర్, గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పు, బల్ల మీద తెల్లటి గుడ్డ. తీసిన ప్రతి మరనూ తీసిన వరుసలోనే ఒక అట్టముక్కకు గుచ్చండి. పొడుగు తేడా ఉన్న మరలను అటూఇటూ మార్చితే పొర దాకా దిగి చీల్చేస్తాయి.

సందులోని రజనుకు బంకమట్టి లాంటి మెత్తటి పుట్టీని పుల్ల మొనకు సన్నగా చుట్టి అద్దితే అంటుకుని వస్తుంది. కరిగిన నురుగును చెక్కపుల్లతోనే గీకాలి. దానికి బదులు పెట్టేది రంధ్రాలు బాగా ఉన్న పలుచని నురుగు అయి ఉండాలి. మందంగా పెడితే పైస్థాయి స్వరాలు పోతాయి.

పాత అయస్కాంతాన్ని దాని ఇనుప ధ్రువాల నుంచి ఎప్పుడూ విడదీయకండి. ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన మిశ్రమం) అయస్కాంతాలు ఆ వలయం తెగగానే బలం కోల్పోతాయి, తిరిగి కలిపినా పూర్తిగా రావు. ధ్వని తక్కువగా ఉన్న మైకును విప్పి చూస్తామని మొదలుపెట్టి ఇంకా తక్కువ చేసుకోవడం ఇలాగే.

రిబ్బన్ మార్పు నేర్చుకోకుండా చేసే పని కాదు. నిపుణుడికి పంపేటప్పుడు మూడు మాటలు రాతపూర్వకంగా అడగండి: అసలు ట్రాన్స్‌ఫార్మర్ తీయకూడదు, రేకు మందం అసలుదానికి సమానంగా ఉండాలి, తీసిన పాత రేకునూ ముక్కలనూ తిరిగి పంపాలి. మందమైన రేకు గట్టిగా ఉంటుంది నిజమే, కానీ బరువు పెరిగి ధ్వని బలం, పైస్థాయి స్వరాలు రెండూ తగ్గుతాయి. క్రిస్టల్ పోయిన మైకులో డైనమిక్ గుండు పెట్టడం తప్పు కాదు, అమ్మేటప్పుడు చెప్పకపోవడం తప్పు.

9. దాచడం, రాసుకోవడం

రిబ్బన్ మైకు ఎప్పుడూ నిలువుగా ఉండాలి. పడుకోబెడితే రేకు తన బరువుకే నెలల్లో కిందకు వాలిపోతుంది. గదిలో అటునుంచి ఇటు మోసుకెళ్లేటప్పుడు కూడా పైన సంచి తొడగండి, నడకలో తగిలే గాలి చాలు రేకు కదలడానికి. తలుపు విసిరి వేసే చోటా, ఫ్యాను కిందా ఉంచకండి. 44 లాంటి బరువైన దాన్ని నిలబెట్టే స్టాండుకు అడుగు పళ్లెం వెడల్పుగా, బరువుగా ఉండాలి.

తేమ నలభై నుంచి యాభై శాతం మధ్య ఉంటే అన్ని రకాలకూ నప్పుతుంది. కార్బన్ పక్కన సిలికా జెల్ సంచి పెట్టవచ్చు, కానీ క్రిస్టల్‌ను మూసిన డబ్బాలో ఎక్కువ సిలికా జెల్‌తో పెడితే లవణం ఎండి విరుగుతుంది. దాన్ని ఎండ పడే అల్మరాలోనూ, వేసవిలో మూసి ఉంచిన వాహనంలోనూ ఉంచకూడదు.

ప్రతి మైకుకూ ఒక కార్డు. మోడల్, సీరియల్ నంబరు, ఇంపిడెన్స్, కనెక్టర్ పిన్నుల అమరిక, మర పరిమాణం, ఎక్కడినుంచి వచ్చింది, ఏ భాగం ఎప్పుడు ఎవరు మార్చారు. దానితోపాటు ఒక ధ్వని రికార్డు: ముప్పై సెంటీమీటర్లు, అదే గొంతు, అదే పేరా, అదే గెయిన్ అంకె. ముందు, పక్క, వెనక మూడు వైపులా అరనిమిషం చొప్పున. ఏడాదికోసారి మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి వింటే రేకు సాగుతున్నదీ, క్రిస్టల్ నీరసిస్తున్నదీ చెవికి ముందే తెలుస్తుంది. పక్కవైపు రికార్డులో గొంతు కిందటేడాదికన్నా పెద్దదయితే ఆ రిబ్బన్‌ను ఇక వాడకుండా, కదపకుండా నిపుణుడి చేతికి పంపే ఏర్పాటు చూడండి.